కృపాజ్యోతి కుంపటి

జగ్గయ్యపేటలో కృపాజ్యోతి కాళ్ళ కింద ఏ చెప్పుల జతా మూడు నెలలు దాటి బతకలేదు. ముందు మడమ అరుగుతుంది, తర్వాత బొటనవేలి పట్టీ తెగుతుంది, ఆపైన పిన్నీసు మీద ఒక వారం లాక్కొస్తుంది. పాపం, చెప్పుల తప్పేం లేదు. ఆవిడ ఆశా కార్యకర్త. ఆ ఉద్యోగంలో కుర్చీ ఉండదు, నడకే ఉంటుంది. కడుపుతో ఉన్నవాళ్ళ ఇళ్ళకి నడక, బాలింతల ఇళ్ళకి నడక, టీకా రోజున పిల్లాణ్ణి చంకనేసుకుని పుట్టింటికి చెక్కేసే తల్లుల వెనక పరుగులాంటి నడక. ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చేసరికి ఆవిడ ఎంత దూరం నడిచిందో మొగుడు లెక్కపెట్టలేదు, పై ఆఫీసర్లూ లెక్కపెట్టలేదు. లెక్కపెట్టింది ఒకే ఒక్క పంది.

ఆ పంది ఉండేది ఫోన్లో. రెండు వేసవుల కిందట కూతురు అక్షయ అమ్మ ఫోన్ లాక్కుని ఒక ఆట ఎక్కించింది. అక్షయ ఇప్పుడు నందిగామలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. అప్పుడింకా టెన్త్.

"అమ్మా, నీ నడకంతా గాలికి పోతుందే. ఈ ఆటకి నడకే మేత. నువ్వు నడిస్తే ఇందులో జంతువు పెరుగుద్ది. పెరిగాక వేరేవాళ్ళ జంతువులతో కొట్లాటకి దించొచ్చు."

"కొట్లాటలు మన వీధి కుళాయి దగ్గర చాల్లేదా?"

"ముందు నువ్వు ఒకదాన్ని ఎంచుకో."

మొదట్లోనే ఆట మూడు పిల్లల్ని చూపించింది. పిడుగులు రాల్చే గద్ద పిల్ల, రాతి డిప్ప తాబేలు, నిప్పులూదే పంది పిల్ల. అందరూ గద్దనే తీసుకుంటారని అక్షయ చెప్పింది. కృపాజ్యోతి కళ్ళు చిన్నవి చేసి, బరువు తక్కువ పుట్టిన పసిపిల్లల్ని చూసినట్టు మూడింటినీ చూసింది.

"ఆ రెండూ ఫోజు కొడుతున్నాయి. ఇదొక్కటే ఆకలిగా చూస్తోంది. ఇదే కావాలి."

పండుమిరప రంగు ఒళ్ళు, వీపు మీద బొగ్గు చారలు, ముక్కు రంధ్రాల్లోంచి రెండు సన్నటి పొగలు. చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల గొట్టాలకి పిల్లలు పుడితే అచ్చం ఇలాగే ఉంటాయి. తుమ్మితే నిప్పురవ్వలు రాలేవి. కంపెనీవాళ్ళు పెట్టిన ఇంగ్లీషు పేరు ఆవిడ నాలుకకి ఎక్కలేదు. కుంపటి అని పెట్టుకుంది.

మొగుడు శాంతికుమార్ బస్టాండు నుంచి చిల్లకల్లుకి ఆటో తోలతాడు. పెళ్ళాం అన్నం తింటూ కూడా ఫోన్లోకి చూసి "తిన్నావా అమ్మా" అంటుంటే ఆయనకి ఒళ్ళు మండింది.

"పందిని పెంచుతున్నావని పాస్టరుగారికి తెలిస్తే ఏమంటారే?"

"పెంచుతున్నానుగా, వండట్లేదుగా. ముద్ద మింగు."

ఆ చుట్టుపక్కల కుర్రాళ్ళంతా దీన్ని జీవాల ఆట అంటారు. అసలు జీవాలంటే అక్కడ గొర్రెలూ మేకలే. కానీ ఫోన్లో మేపుకునేవాటికి అంతకన్నా మంచి మాట వాళ్ళకి దొరకలేదు. ఆటలో రూలు ఒకటే. కాళ్ళతో నడిచిన దూరమే మేత. బస్సు, బండి, ఆటో ఎక్కితే ఒక్క గింజ రాలదు. వెయ్యి కిలోమీటర్లకి రెండో రూపం, ఐదువేలకి మూడో రూపం. నందిగామ, కంచికచర్ల, జగ్గయ్యపేట మొత్తంలో మూడో రూపం పందిని కళ్ళతో చూసినవాడు లేడు. ఐదువేలు నడిచే ఓపిక ఎవడికుంది? ఒకడు ఫోన్‌ని సీలింగ్ ఫ్యానుకి కట్టాడు. ఫోను కిటికీలోంచి పక్కింటి వాళ్ళ పప్పుచారులో పడింది. ఇంకొకడు మేనకోడలి ఉయ్యాలకి కట్టాడు. పరిటాలలో ఒక మహానుభావుడు ఏకంగా గొర్రె మెడకి కట్టి మందలోకి తోలాడు. గొర్రె నడిచింది నిజమే, ఫోను మాత్రం పత్తి చేలో మొలకెత్తే పనిలో ఉంది.

కృపాజ్యోతికి ఈ తిప్పలేం లేవు. రోజుకి ఏడు, ఎనిమిది, టీకాల వారంలో పన్నెండు కిలోమీటర్లు ఆవిడ మామూలు పని. ఈ ఏప్రిల్లో ఒక మిట్టమధ్యాహ్నం, ఒక బాలింత ఇంట్లో పసివాణ్ణి తూకం వేస్తుండగా, సంచిలో ఫోను గిజగిజ కొట్టుకుంది. తీసి చూస్తే తెరంతా పొగ. పొగ విడిపోయాక కుంపటి వెనక కాళ్ళ మీద లేచి నిలబడి ఉంది. కొలిమిలోంచి తీసిన ఇనుములా ఎర్రటి కోరలు, ఎద్దు మూపురంలాంటి మెడ. నోరు తెరిస్తే లోపల ఇటుకల బట్టీ. తెర కింద రాసి ఉంది, ఐదువేల కిలోమీటర్లు.

ఆ శుభవార్త ఆవిడ మొదట చెప్పింది తూకం బుట్టలో ఉన్న పసివాడికే. "చూశావురా? తినడం అంటే ఇట్టా తినాలి. నువ్వేమో నెలకి అరకిలో కూడా పెరగవు." వాడు ఏడ్చాడు. ఆవిడ ఆ రోజంతా ఎవరేమడిగినా నవ్వుతూనే తిరిగింది.

ఇక్కడ జగ్గయ్యపేటలో ఒక వీధి గురించి చెప్పుకోవాలి.

ఆ వీధిలో నీహారిక అనే అమ్మాయి ఉంటుంది. ఇరవై ఏడేళ్ళు. పుట్టిల్లు నందిగామ, మిరప తోటలున్న కుటుంబం. మొగుడు భవానీప్రసాద్‌కి విత్తనాల కొట్టుంది. ఆ అమ్మాయికి రెండుసార్లు కడుపు నిలిచి, రెండుసార్లూ మూడో నెలలో పోయింది. రెండుసార్లూ సంతోషం పట్టలేక రెండో నెలలోనే అందరికీ చెప్పేసింది. మూడు కార్లలో చుట్టాలు దిగి, బత్తాయిలు, స్వీట్లు పెట్టి వెళ్ళారు. నెల తిరక్కుండా అవే కార్లు, అదే జనం, అవే బత్తాయిలు పరామర్శకి వచ్చాయి. పోయిన బాధ ఒకెత్తు, ఏడుస్తూ ఆ బత్తాయిలు వలుచుకు తినాల్సి రావడం ఇంకో ఎత్తు. అందుకే మూడోసారి ఆ అమ్మాయి నోటికి తాళం వేసేసింది. ఐదో నెల దాటేదాకా మొగుడికి, అత్తకి తప్ప నరమానవుడికి తెలియకూడదు. పుట్టింట్లో అమ్మకి కూడా.

కానీ భయం తాళానికి ఆగదు. విజయవాడ డాక్టరు నెలకోసారి చూస్తుంది. భయం రోజూ వస్తుంది. ఒక పూట గేటు ముందు నుంచి పోతున్న కృపాజ్యోతిని నీహారిక చెయ్యి పట్టి లోపలికి లాగింది.

"అక్కా, రోజూ ఒక్క పది నిమిషాలు వచ్చి పోతావా? నువ్వు బాగానే ఉందంటే ఆ రోజుకి ఊపిరాడుద్ది."

"వస్తాలేమ్మా. నా దారేగా."

"ఎవరికీ చెప్పకూడదు."

"నా నోట్లోంచి రాదు. చాలా?"

ఇబ్బందల్లా ఎదురింటి పున్నమ్మ గారితో. డెబ్భై దాటిన మనిషి, పొద్దున్నే ప్లాస్టిక్ కుర్చీ గేటు బయట వేసుకుని కూర్చుంటే దీపాలు పెట్టేవేళకే లేస్తుంది. ఆవిడ కళ్ళ ముందు సీసీ కెమెరాలు దిగదుడుపే. ఆశా అమ్మాయి రోజూ ఆ ఒక్క ఇంటికే వెళ్ళిందంటే మధ్యాహ్నానికి జగ్గయ్యపేటంతా, సాయంత్రానికి నందిగామకీ తెలిసిపోతుంది. అందుకని కృపాజ్యోతి ఒక దారి అల్లుకుంది. ముందు నాలుగిళ్ళలో దూరి, పాపకి దగ్గు తగ్గిందా, అత్తగారు బీపీ మాత్ర వేసుకుందా అని అడిగి, అయిదోది నీహారిక ఇల్లు. తర్వాత ఇంకో మూడిళ్ళు. వీధి చివర తిరిగి అవతలి వరస మీదుగా వెనక్కి. ఒక్కోరోజు నీహారిక ఇంట్లో చుట్టాలుంటారు, అప్పుడు మళ్ళీ ఇంకో చుట్టు. తాళం వేసి ఉన్న ఇళ్ళ కోసం ఇంకోటి, అన్నీ కలిపి రోజుకి మూడు, నాలుగు చుట్లు. అలా నలభై రోజులు. పున్నమ్మ గారు కూడా విసుగెత్తి, "ఏందమ్మాయ్, గవర్నమెంటు మా వీధినొక్కదాన్నే దత్తత తీసుకుందా?" అని ఊరుకుంది. కుంపటి మాత్రం ఆ చుట్లన్నీ మేసి బలిసింది.

నందిగామ కుర్రాళ్ళకి వాట్సాప్‌లో ఒక గుంపుంది, నందిగామ జీవాల సంఘం. కృపాజ్యోతి అందులో కుంపటి అనే పేరుతో చేరి ఏడాదైంది. ఎప్పుడూ బొటనవేలు బొమ్మ తప్ప ఇంకేం పెట్టదు. అందుకని ఎవడో గంభీరమైన పెద్దన్న అనుకుని అందరూ కుంపటి బ్రో అంటారు. ఏప్రిల్ చివరి ఆదివారం విజయవాడలో పెద్ద పోటీ, ఊరికి ఐదుగురు. పేర్లు బుధవారం సాయంత్రంలోగా పంపాలి. దానికి ముందు వారం, శనివారం రాత్రి మూడో రూపం ఫోటో గుంపులో పడగానే ఫోన్లన్నీ మోగిపోయాయి. బ్రో, వెంటనే నందిగామ రా బ్రో.

బ్రో మర్నాడు ఆదివారం పొద్దున్నే చర్చిలో మొదటి ఆరాధన చూసుకుని, ఆధార్ చూపించి ఉచిత టికెట్టు తీసుకుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ నందిగామ బస్టాండులో దిగింది. సంఘం కూర్చునే టీ కొట్టు వెతుక్కుంటూ వెళ్ళింది. కల్యాణ్ అనే కుర్రాడు ముందు ఆవిడ భుజాన ఉన్న ఆశా సంచిని చూశాడు.

"ఆంటీ, పోలియో చుక్కలైతే ఇక్కడ కాదు. ఇక్కడ పిల్లల్లేరు."

"ఇంతమంది పిల్లల్ని ఎదురుగా పెట్టుకుని లేరంటావేంటయ్యా? కుంపటి బ్రోని నేనే."

టీ కొట్టాయన చేతిలో గరిట ఆగిపోయింది. ఆవిడ ఫోను బల్ల మీద పెట్టింది. తెర అద్దం మూల పగిలి ఉంది, ఆ పగులు వెనక కుంపటి కోరలు తిప్పుతూ నిలబడి ఉంది. తొమ్మిది తలలు ఒకేసారి వంగాయి. "ఓర్నాయనో" అన్నాడొకడు. ఇంకొకడు తెలియకుండానే చేతులు కట్టుకున్నాడు. కృపాజ్యోతి నడుం నిటారుగా పెట్టి నిలబడింది. పురిటి గదిలోంచి మొదటి ఏడుపు వినపడ్డప్పుడు తప్ప ఆవిడ అలా నిలబడదు.

సంఘం పెద్ద చైతన్య. ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం, పిడుగు గద్ద ఆసామి. మోసగాళ్ళని ఇంతకుముందు ముగ్గుర్ని పట్టుకున్నాడు కాబట్టి కొంచెం పోలీసు చూపు. ఆవిడ ఫోను తీసుకుని నడిచిన దారి తెరిచాడు. ఆట అరవై రోజుల దారిని గీత గీసి చూపిస్తుంది. వాడి మొహం మారింది. దారిలో ఎక్కువ భాగం ఒకే వీధిలో, గుండ్రాలు, గుండ్రాల మీద గుండ్రాలు. జంతికల గొట్టం నొక్కుతూ చెయ్యి తియ్యడం మర్చిపోయినట్టుంది.

"ఆంటీ, ఇది మనిషి నడిచిన దారి కాదు."

"మరెవరు నడిచారయ్యా?"

"నడక పుట్టించే యాప్ ఒకటుంది. అది ఇట్టాగే ఒకేచోట చుట్టూ తిప్పుద్ది. మీ ఇంట్లో ఎవరు ఎక్కించారో చెప్పండి."

"ఎవరూ ఎక్కించలా. నేనే నడిచా."

"ఒకే వీధిలో? రోజుకి నాలుగు రౌండ్లు? నలభై రోజులు?"

"అవును."

"ఎందుకు?"

కృపాజ్యోతి అప్పుడు వాడి మొహం సరిగ్గా చూసింది. ఎడమ కనుబొమ్మ మధ్యలో తెగి ఉంది. ఈ మొహం తనకి రోజూ తెలుసు. నీహారిక ఇంట్లో హాల్లో, పెళ్ళి ఫోటోలో, అక్క భుజం మీద చెయ్యేసి పళ్ళికిలిస్తూ ఉంటుంది. మా చైతూ, మా తమ్ముడు, అంటూ నీహారిక పది నిమిషాల్లో మూడుసార్లు చెప్పేది ఈ కుర్రాడి గురించే.

"కారణం చెప్పండి ఆంటీ," అన్నాడు చైతన్య. గొంతులో కోపం కన్నా బతిమాలాటే ఎక్కువుంది. వాడికీ ఆ పంది కావాలి. "ఒక్క మాట చెప్పండి, నమ్ముతాం."

ఒక్క మాటే. మీ అక్క. నాలిక చివరిదాకా వచ్చింది. అనేస్తే ఈ క్షణమే కుర్రాళ్ళంతా లేచి కుర్చీ వేస్తారు. కానీ సాయంత్రానికి నందిగామ నుంచి మూడు కార్లు బయల్దేరతాయి, వెనక సీట్లో బత్తాయిల సంచులతో.

"పని మీద తిరిగా. ఏం పనో చెప్పను. నడిచింది మాత్రం నా కాళ్ళే."

"సారీ ఆంటీ, అట్టా అయితే కుదరదు."

ఆవిడ బస్సు చిల్లకల్లు దాటకముందే గుంపులోంచి పేరు పోయింది. దాని వెనకే చైతన్య ఫోటో తీసుకున్న ఆవిడ దారి, ఆ జంతికల బొమ్మ, ఊరంతా తిరిగింది, కింద ఫేక్ కుంపటి అన్న రెండు మాటలతో. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని కుంపటిని చూసుకుంది. అది ముక్కులోంచి పొగ వదులుతూ, ఇంకెవరితో కొట్లాట అన్నట్టు చూస్తోంది. "ఆగవే," అంది మెల్లగా.

ఇంటికొచ్చేసరికి హాస్టల్ నుంచి అక్షయ ఫోను.

"హాస్టల్లో అందరూ చూశారమ్మా. మీ అమ్మ ఫోన్‌ని ఫ్యానుకి కట్టిందా అని నవ్వుతున్నారు. ఎందుకు తిరిగావో చెప్పేయొచ్చుగా?"

"చెప్పను."

"నాక్కూడానా?"

"నీకు కూడా. నువ్వు కడుపులో ఉన్నప్పుడు నీ సంగతి కూడా నేను అందరికీ చెప్పుకుంటా తిరగలేదు."

ఎందుకో ఆ పిల్లకి సగం అర్థమైంది. "సర్లే, తిన్నావా?" అని పెట్టేసింది.

శాంతికుమార్ మాత్రం ఆగలేదు. ఇన్నాళ్ళూ ఆ పందిని తిట్టిన మనిషే చొక్కా చేతులు పైకి మడిచాడు. "ఆ కుర్రాడెవడో చెప్పు, ఆటో ఎక్కించుకుని పాలేరు మధ్యలో దింపి వస్తా. మా కుంపటిని ఫేక్ అంటాడా?"

"నీ కుంపటి ఎప్పుడైందయ్యా? కూర్చో. వాడు తప్పుగా చూశాడు గానీ తప్పుడు మనిషి కాదు."

సోమవారం పొద్దున సంచి సర్దుకుంటూ ఆవిడ ఒక్క నిమిషం ఆగింది. ఇవాళ ఫోను ఇంట్లో పెట్టి వెళ్తే కొత్త చుట్లు పడవు. ఉన్న జంతికకి ఇంకో జంతిక తోడవదు. తర్వాత తలెగరేసి ఫోను సంచిలో వేసుకుంది. ఆ పూట కూడా ముందు నాలుగిళ్ళు, తర్వాత నీహారిక ఇల్లు, తర్వాత మూడిళ్ళు. "ఏంటక్కా, మొహం అట్టా ఉంది?" అని నీహారిక అడిగింది. "ఎండ" అని చెప్పి ఐరన్ మాత్రలు లెక్కపెట్టిచ్చి వచ్చేసింది.

మంగళవారం పది గంటలకి ఆ వీధి మొదట్లో ఒక బుల్లెట్ బండి ఆగింది. చైతన్య. జంతికల బొమ్మని పెద్దది చేసి చూస్తే, అది వాళ్ళ అక్క ఉండే వీధని తేలింది. అంటే ఆవిడకి ఆ యాప్ ఎక్కించిన దొంగ అక్కావాళ్ళ పక్కిళ్ళలోనే ఎక్కడో ఉన్నాడు. చేతికి చిక్కితే చెవి మెలేసి గుంపులో ఫోటో పెట్టాలని వచ్చాడు. దొంగ దొరకలేదు గానీ, సంచి భుజానేసుకుని మొదటి ఇంట్లోంచి రెండో ఇంట్లోకి వెళ్తున్న కృపాజ్యోతి కనిపించింది. వాడు బండి స్టాండు వేసి, ఇరవై అడుగుల వెనకగా నడవడం మొదలుపెట్టాడు. జేబులో వాడి ఫోను, ఫోన్లో వాడి గద్ద.

మొదటి చుట్టులోనే పున్నమ్మ గారు పట్టేసింది.

"ఏం బాబూ, ఆడమనిషి వెనకాల తిరుగుతున్నావ్? ఎవరబ్బాయివి? నిన్నెక్కడో చూశానే."

"నడుస్తున్నానండి. ఒంటికి మంచిదని."

"ఏప్రిల్ ఎండలోనా? ఒంటికి కాదు, తలకి చూపించుకో."

వీధి అయ్యాక కృపాజ్యోతి ఆగలేదు. వెనక వీధి, ఆ వెనక కాలనీ, కాలనీ చివర రేకుల ఇళ్ళు, అక్కణ్ణుంచి హెల్త్ సెంటరు, సెంటరు నుంచి మళ్ళీ కాలనీ, ఎవరో టీకా కార్డు మర్చిపోయారని. ఆవిడ ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. వెనక ఎవరున్నారో మాత్రం మొదటి మలుపులోనే తెలుసు, అందుకే ఆ చుట్టులో నీహారిక ఇల్లు దాటేసింది. కుర్రాడి బూట్లు మొదట టక్‌టక్ అన్నాయి, తర్వాత ఈడ్చుకున్నాయి, పన్నెండున్నరకి ఆగిపోయాయి. చూస్తే ఒక కల్వర్టు మీద కూలబడి ఉన్నాడు, మొహం పండుమిరపలా ఉంది. ఆవిడ దగ్గరికొచ్చి సంచిలోంచి సీసా తీసిచ్చింది.

"ఓఆర్ఎస్ కలిపా. తాగు."

వాడు గటగటా తాగేశాడు. "ఇంకా ఎంత దూరం ఆంటీ?"

"సగం అయింది."

"సగమా!"

"నీ గద్ద ఎగురుద్దిగా, ఎక్కి వస్తావా?"

వాడు లేచి నడిచాడు, కుంటుకుంటూ. మూడు గంటలకి మళ్ళీ ఆ వీధిలోకి వచ్చారు, రెండో చుట్టుకి. గేటు దగ్గర నిలబడ్డ నీహారిక ముందు తమ్ముణ్ణి చూసింది.

"చైతూ! ఏంట్రా ఈ అవతారం? ఎండలో పడి ఏం చేస్తున్నావ్?"

కృపాజ్యోతి ఏమీ ఎరగనట్టు తల వంచుకుని పక్కింటి గేటు వైపు నడిచింది. "అక్కా, నువ్వూ రా," అంది నీహారిక. ఇద్దర్నీ లోపల ఫ్యాను కింద కూర్చోబెట్టాక చైతన్య బయటపడ్డాడు.

"అక్కా, ఈవిడ నీకు తెలుసా? మీ వీధిలో రోజూ ఎందుకు తిరుగుతుందో చెప్పమంటే చెప్పలా. అందరి ముందూ అడిగా. యాప్ పెట్టి నడిపిస్తుందని, ఫేక్ అని పెట్టి గుంపులోంచి తీసేశా. ఇవాళ చూస్తే నిజంగానే నడుస్తోంది. ఎందుకో మాత్రం అర్థం కావట్లా."

నీహారిక కృపాజ్యోతి వైపు తిరిగింది. కృపాజ్యోతి అప్పటికే పమిటతో మొహం తుడుచుకుంటూ అబద్ధం వెతుక్కుంటోంది. "పున్నమ్మ గారి షుగరు సంగతి చూద్దామని వస్తుంటానమ్మా, అంతే."

"చాల్లే అక్కా." నీహారిక ముందుకొచ్చింది. తమ్ముడి పక్కన కూర్చుని వాడి చెయ్యి పట్టుకుంది. "నా కోసంరా. ఆవిడ అన్ని చుట్లు తిరిగేది నా కోసం. ఎవరికీ అనుమానం రాకూడదని అందరిళ్ళకీ వెళ్ళి మా ఇంటికొస్తది. నిన్నటితో నాలుగో నెల పడింది."

చైతన్య అక్క వైపు తిరిగాడు.

"అమ్మకి తెలుసా?"

"తెలీదు. ఐదు దాటేదాకా తెలియకూడదు. చెప్పావనుకో, మేనమామవి కాకముందే చంపేస్తా."

వాడు నవ్వబోయి కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత కృపాజ్యోతి వైపు చూడ్డానికి చాలాసేపు పట్టింది. "ఆదివారం నేనెవర్నో మీకు తెలుసా ఆంటీ?"

"గోడ మీద ఫోటో రోజూ చూస్తున్నాగా."

"ఒక్క మాట అనుంటే నేను..."

"నువ్వు నమ్మేవాడివే. ఈ పిల్ల నన్ను మళ్ళీ నమ్మేది కాదు." ఆవిడ లేచి సంచి భుజానేసుకుంది. "ఇంకా మూడిళ్ళున్నాయి. పున్నమ్మ గారు లెక్క పెడుతుంటది."

బుధవారం టీ కొట్టు దగ్గర చైతన్య పరిస్థితి చూడాల్సిందే. సాయంత్రానికి పేర్లు వెళ్ళిపోవాలి. కుంపటి నిజమైనదే, చేర్చాలి అన్నాడు. కల్యాణ్ టీ గ్లాసు కింద పెట్టాడు.

"మొన్న ఫేక్ అన్నావ్, ఇవాళ నిజం అంటున్నావ్. మధ్యలో ఏమైందిరా?"

"చెప్పను."

"ఆంటీ దగ్గర ట్యూషన్‌కి వెళ్ళావా? ఆవిడా ఇదే మాట అంది."

"ఎందుకు తిరిగిందో చెప్పను. తిరిగిందని మాత్రం చూపిస్తా." వాడు తన ఫోను తీసి మంగళవారం దారి తెరిచి బల్ల మీద పెట్టాడు. ఒకే వీధిలో గుండ్రాలు, కాలనీలో గుండ్రాలు, పన్నెండు కిలోమీటర్లు. పక్కన ఆవిడ జంతికల బొమ్మ పెట్టాడు. రెండూ ఒకే గొట్టంలోంచి దిగినట్టున్నాయి. "ఇది నా నడక. ఆవిడ వెనకాల నడిచా. ఒక్క రోజుకే ఇదిగో." బూటు, మేజోడు ఊడదీసి పాదం పైకెత్తాడు. మడమ మీద బొబ్బ అరటికాయ బజ్జీ అంత ఉంది.

కల్యాణ్ ముక్కు మూసుకుని దగ్గరికి వంగి పరీక్షగా చూశాడు. "బొబ్బ నిజమే," అని తీర్పిచ్చాడు. "ఆవిడ ఇట్టా రెండేళ్ళు నడిచిందా? రాయరా బాబూ పేరు. మొదటి పేరే రాయి."

చైతన్య ఫోను చేశాడు. "ఆంటీ, లిస్టులో కుంపటి అని రాయమంటారా?"

"కుంపటి పంది పేరు. నా పేరు కృపాజ్యోతి. కింద ఆశా కార్యకర్త, జగ్గయ్యపేట అని కూడా రాయి. దానికన్నా ముందు గుంపులో తప్పయిందని పెట్టు. నాకక్కర్లేదు, మా అమ్మాయి హాస్టల్లో చూపించుకోవాలి."

అలాగేనండి అన్నాడు. చైతన్య ఆవిడకి అండి తగిలించడం అదే మొదలు.

ఆదివారం విజయవాడలో ఒక కల్యాణ మండపం నిండా కుర్రాళ్ళు, ఏసీ హోరు. శాంతికుమార్ ఆటోకి సెలవిచ్చి వచ్చాడు. అక్షయ హాస్టల్ నుంచి నలుగురు స్నేహితురాళ్ళని వెంటేసుకొచ్చింది. మొదటి పోటీలో ఎదురుగా కూర్చున్న కుర్రాడు చీరకట్టు చూసి పక్కవాడికి కన్ను కొట్టాడు. కుంపటి ఒకే ఒక్క ఊపిరి వదిలింది. పెద్ద తెర మీద ఆ చివరి నుంచి ఈ చివరికి మంట పారింది. ఆ కుర్రాడి మంచు ఏనుగు చెంబెడు నీళ్ళయింది. రెండో పోటీలో ఒక గద్ద, మూడో పోటీలో ఇంకో గద్ద. ఈకల వాసన రాలేదన్న మాటే గానీ, ముందు వరసలో వాళ్ళు వెనక్కి జరిగి కూర్చున్నారు.

ఆఖరి పోటీకి ముందు మైకు పట్టుకున్నాయన కుంపటి వివరాలు చదువుతూ ఆగిపోయాడు. "ఐదువేల వంద కిలోమీటర్లా? మేడమ్, ఇది నిజంగా నడిచినవేనా?"

మండపంలో గుసగుసలు లేచాయి. కృపాజ్యోతి నోరు తెరిచేలోపే వెనక నుంచి నందిగామ సంఘం మొత్తం ఒక్క గొంతుతో అరిచింది, "నడిచిందే!" అందరికన్నా గట్టిగా అరిచినవాడు చైతన్య. వాడి కాలికి ఇంకా బ్యాండేజీ ఉంది. మైకాయన జడుసుకుని, "సరే సరే, కూర్చోండి మేడమ్, మొదలుపెడదాం" అని కుర్చీ చూపించాడు.

"కూర్చుని ఆడాలని రూలుందా బాబూ?"

ఆయన చేతిలో కాగితాలు రెండుసార్లు తిరగేశాడు. లేదన్నాడు.

"అయితే నిలబడతా," అని కృపాజ్యోతి కొంగు నడుముకి దోపింది. తెర మీద కుంపటి వెనక కాళ్ళ మీద లేచి నోరు తెరిచింది.